మూడో నంబరు నోరు

మా పిన్ని మనుషుల్ని పేర్లతో గుర్తుపెట్టుకోదు, నంబర్లతో గుర్తుపెట్టుకుంటుంది. ఆ నంబర్లు కూడా మూడే: మూడు, నాలుగు, అయిదు. ఎదుటివాళ్ళు నమస్కారం పెట్టి చేతులు దించేలోపే వాళ్ళ దవడనీ, పెదాల చివరనీ, గడ్డం కింద మెడనీ ఒక్క చూపు చూసి మనసులో నంబరు ఇచ్చేస్తుంది. మనసులోనే ఉంచుకుంటే ఏ గొడవా లేదు. పైకి అనేస్తుంది.

ఆవిడ మత్తు డాక్టరు. ఆపరేషన్ కోసం మనిషిని నిద్రపుచ్చాక, ఊపిరి సరిగ్గా ఆడడానికి నోట్లోంచి గొంతు దాకా ఒక మెత్తటి గొట్టం పెడుతుంది. దాని కొసన గాలి నింపే చిన్న దిండులాంటి మాస్కు ఉంటుంది. పెద్దవాళ్ళకి ఎక్కువగా వాడేవి ఈ మూడు సైజులే. ఈ సంగతి తెలిసినవాళ్ళకి పిన్ని మాట అర్థమవుతుంది. తంటా అంతా తెలియనివాళ్ళతోనే.

మా చెల్లెలికి పెళ్ళయిన కొత్తలో మా బావ మొదటిసారి ఇంటికొచ్చాడు. పిన్ని తలుపు తీసి ఎగాదిగా చూసి, "రా బాబూ, కూర్చో. నువ్వు నాలుగు" అంది. అతను కూర్చోలేదు. నేరుగా మా చెల్లెలి దగ్గరికి వెళ్ళి, "నేను నాలుగో వాణ్ణా? ఆ ముందు ముగ్గురూ ఎవరు?" అని నిలదీశాడు.

చెల్లెలి ఏడుపు, అమ్మ కంగారు, నాన్న బతిమాలడం. చివరికి పిన్ని ఆసుపత్రి నుంచి మూడు మాస్కులూ తెచ్చి బల్ల మీద వరసగా పెట్టి చూపిస్తేగానీ ఆ కాపురం కుదుటపడలేదు. బావ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, కాస్త చిన్నబుచ్చుకుని, "నేను అయిదు కాలేనా అండీ?" అని అడిగాడు.

టీవీ ముందు కూర్చున్నా ఇదే తంతు. "ఈ అమ్మాయి మూడు. నాలుగు పెడితే గొంతు ఒరుసుకుంటుంది" అంటుంది.

"పిన్నీ, ఆవిడ తుఫాను వార్త చదువుతోంది!"

"వింటున్నాలేరా. పై పళ్ళు కాస్త ఎత్తు, జాగ్రత్తగా పెట్టాలి."

ఒకసారి మా ఇంటి యజమాని పిన్ని ఎదురుగా ఆవలించాడు. ఆవిడకి అంతకన్నా కావలసిందేముంది! చటుక్కున సంచిలోంచి చిన్న టార్చి తీసి, "ఇంకొంచెం తెరవండి... నాలుక బయటికి... ఆఁ, చాలు. చక్కటి గొంతండీ మీది!" అంది. ఆయన అది పాడే గొంతనుకున్నాడు. ఆ సాయంత్రం నుంచే మేడ మీద సాధన మొదలుపెట్టాడు. నెల తిరక్కుండానే మేం ఇల్లు మారాం.

ఇవన్నీ ఒక ఎత్తు, మా మేనత్తతో వచ్చిన గొడవ ఒక ఎత్తు. అత్తయ్య బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడికో, ఏ ప్లాట్‌ఫారం మీదో చెబుతుంది. కరెంటు పోయి మైకు మూగబోయినా ఆవిడ పని ఆగదు, కిటికీ తెరుస్తుందంతే. ఇంట్లోనూ అదే గొంతు, అదే జోరు. నోరు పెద్దదని మా చుట్టాల్లో ఆవిడకి పెద్ద పేరు.

పిన్ని చదువు ముగించుకుని వచ్చిన కొత్తలో, ఇంటినిండా చుట్టాలున్న వేళ, అత్తయ్య ఎవరినో కడిగిపారేస్తోంది. పిన్ని తన్మయంగా ఆవిడ మొహంలోకి చూస్తూ, "మీ నోరు చాలా చిన్నది వదినా!" అంది. ఇల్లంతా గొల్లుమంది. అత్తయ్య మొహం కందగడ్డయింది. ఆ రోజు నుంచి పిన్నితో నేరుగా మాట్లాడడం మానేసింది. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నా, "ఒరేయ్, ఆ డాక్టరమ్మని కాస్త జరగమను" అని నాతో చెప్పేది. నేను చెప్పేలోపే పిన్ని జరిగేది.

అలాంటిది, మొన్నామధ్య అత్తయ్య బస్టాండు మెట్ల మీద జారిపడి ముంజేయి విరగ్గొట్టుకుంది. ప్లేటు వేయాలన్నారు. తీసుకెళ్ళింది పిన్ని పనిచేసే ఆసుపత్రికే.

ఆపరేషన్‌కి ముందు పిన్ని దగ్గర పనిచేసే కుర్ర డాక్టరు పరీక్షించడానికి వచ్చాడు. అప్పటికే అత్తయ్య వార్డులో ఫ్యాను గురించీ, దుప్పటి గురించీ, పక్క మంచం వాళ్ళ చుట్టాల గురించీ తన అభిప్రాయాలు చెప్పి ఉంది. అతను బరువు చూసి, "బరువు లెక్కన నాలుగు" అని, గొంతు తగ్గించి నాతో, "ఈ నోటికి అయిదైనా చాలుతుందో లేదో!" అన్నాడు.

వెనకాలే పిన్ని వచ్చింది. "మూడు" అంది.

"మేడమ్, బరువు చూస్తే..."

"బరువు నడుముది, పొట్టది. మాస్కు పెట్టేది అక్కడా? మనిషి పొట్టి, దవడ సన్నం, నోరు చిన్నది. మూడు తియ్యి. నాలుగు పక్కనే ఉంచుకో. మూడు పెట్టాక గాలి పక్కనుంచి పోతోందనిపిస్తే అప్పుడు మారుద్దాం."

ఆ మాటతో అత్తయ్య లేచి పోట్లాడుతుందనుకుని నేను గోడకి ఆనుకున్నాను. ఆవిడ లేవలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి పిన్ని వైపు తిరిగి నేరుగా మాట్లాడింది. అంత మెల్లగా మాట్లాడడం ఆవిడకి చేతనవునని నాకు అప్పుడే తెలిసింది.

"డాక్టరమ్మా, మా టిక్కెట్ల గదిలో ఒకావిడకి ఆపరేషనయ్యాక గొంతు బొంగురుపోయింది. చాలా రోజులు మాటే సరిగ్గా రాలేదు. నాకు ఆ మైకు తప్ప ఇంకో పని రాదు. చెయ్యి వంకరైనా ఫరవాలేదు, గొంతు పోతే నేనేం చెయ్యను?"

పిన్ని మంచం మీద కూర్చుని ఆవిడ బాగున్న చెయ్యి పట్టుకుంది.

"నిద్రలో ఉన్న మనిషి బిగుతుగా ఉందని చెప్పలేడు వదినా. పెద్దది పెడితే ఒరుసుకుంటుంది, చిన్నదైతే గాలి పోతుంది. అందుకే మెలకువలో ఉండగానే చూసి పెట్టుకుంటాను. మనవాళ్ళందర్నీ చూసి పెట్టుకున్నాను. ఎవరికి ఎప్పుడు అవసరమొచ్చినా తడుముకోకూడదని."

అత్తయ్య కళ్ళు పెద్దవయ్యాయి. "అంటే ఆనాడు అందరిలో నువ్వు అన్నది..."

"మూడో నంబరని."

"దెప్పావనుకున్నానే!"

"దెప్పడమెందుకు? నిజంగానే మీ నోరు చిన్నది."

అత్తయ్య మంచం మీద నిటారుగా కూర్చుంది. "విన్నారా?" అని వార్డంతా మోగేలా అరిచింది. "చదువుకున్న డాక్టరు చెబుతోంది! నా నోరు చిన్నదట! ఒరేయ్, మీ నాన్నకి ఫోన్ చెయ్యి!" కుర్ర డాక్టరు అద్దాలు తుడుచుకుంటూ మూడో నంబరు తీయడానికి వెళ్ళిపోయాడు.

ఆపరేషన్ గది తలుపు మూసి ఉన్నంతసేపూ నాన్నా నేనూ బయట బల్ల మీద అటే చెవులు పెట్టుకుని కూర్చున్నాం. మాకు ఆవిడ గొంతు కావాలి. ఎంత విసుక్కున్నా, ఆ గొంతు లేని ఇల్లు మాకు తెలియదు. తలుపు తెరుచుకున్నాక ముందు మంచం రాలేదు, మాట వచ్చింది: "మెల్లగా తొయ్యండి! ఇది మంచమా, కూరల బండా?" నాన్న మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. వెనక పిన్ని నడిచొస్తోంది. "మూడు చక్కగా సరిపోయింది" అంది, అంతే. ఆవిడ మా పిన్ని అని దారినపోయే ప్రతివాడికీ చెప్పాలనిపించింది నాకు.

కట్టుతోనే అత్తయ్య మళ్ళీ మైకు ముందుకి చేరింది. ఒకరోజు పనిమీద ఊరికి వెళ్ళడానికి బస్టాండుకి వెళితే, అత్తయ్య గొంతు మోగుతున్న మైకు గొట్టం కింద బెంచీ మీద పిన్ని కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది.

"ఎక్కడికి పిన్నీ?"

"ఎక్కడికీ లేదు. ఉండు... ఆ దీర్ఘం దగ్గర జీర ఏమైనా వినిపించిందా?"

"లేదే."

"నిన్నా లేదు."

"ఫోన్ చేసి ఎలా ఉందని అడగొచ్చు కదా!"

"అడిగితే అందరూ బాగుందనే అంటార్రా. వింటే తెలుస్తుంది."

అప్పుడు నాకు చాలా సంగతులు అర్థమయ్యాయి. పిల్లల్లేని మా పిన్ని బడి గోడ పక్కన నిలబడి పంతులమ్మ పాఠం ఎందుకు వినేదో, ఇంట్లో ఎవరూ తినకపోయినా తోపుడుబండి ఆయన దగ్గర అన్నేసి గుమ్మడికాయలు బేరమాడి ఎందుకు మోసుకొచ్చేదో తెలిసింది. వాళ్ళిద్దరూ ఆవిడ చేతుల్లో నిద్రపోయి లేచినవాళ్ళే. నేనూ పక్కనే కూర్చుని చెవి ఒగ్గాను.

ఇంతలో అద్దం వెనక నుంచి అత్తయ్య మమ్మల్ని చూసినట్టుంది. మైకు గరగరలాడింది.

"ప్రయాణికులకూ, డ్రైవర్లకూ విజ్ఞప్తి. బెంచీ మీద కళ్ళు మూసుకుని కూర్చున్నావిడ మా మరదలు, పెద్ద డాక్టరు. ఆవిడ నిద్రపోవడం లేదు, నా గొంతు పరీక్షిస్తోంది. పరీక్ష అయ్యేదాకా దయచేసి ఎవరూ హారన్ కొట్టరాదు!"

బస్టాండులో ఉన్న బస్సులన్నీ నోరు మూసుకున్నాయి.