యాకొమీనా కత్తిరించని వీడియో

మా డైవింగ్ క్లబ్బులో యాకొమీనా వీడియో అంటే మొదట్లో అందరికీ వేళాకోళం. ఆమె కెమెరాతో నీళ్ళలోకి దిగిందంటే పైకి తెచ్చేది బురదే. కాళ్ళు టపటపా కొట్టి అడుగునున్న ఒండ్రంతా లేపేది. చేతిలో కెమెరా ఒక్క క్షణం కుదురుగా ఉండేది కాదు. ఆ బొమ్మలు చూస్తే కుర్చీలో కూర్చున్నవాళ్ళకి కూడా కడుపులో తిప్పేది.

"ఇంతకీ ఇది పీతా, రాయా?" అని లీన్ అడిగేవాడు. లీన్ మా క్లబ్బులో అందరికంటే పాతవాడు, నోటికి అడ్డూ ఆపూ లేదు.

"నీ తలకాయ!" అనేది యాకొమీనా.

ఆమెకి డైవింగ్ నేర్పింది నేనే. పక్క ఊరు యర్సెకెలో ఆల్చిప్పలు ఏరే షెడ్డులో పనిచేసి, మానేశాక మా దగ్గరికొచ్చింది. "జీవితమంతా వీటిని బెల్టు మీద చూశాను మాస్టారూ. ఒక్కసారి వాటి ఇంటికెళ్ళి చూసి రావద్దూ?" అంది. మనిషి గట్టిది. ఒకటి అనుకుందంటే అయ్యేదాకా ఎవర్నీ నిద్రపోనివ్వదు, తనూ పోదు.

నీటి అడుగుకి ఒంటరిగా ఎవరూ వెళ్ళకూడదు, జంటగా దిగాలి. వీడియో తీసేవాళ్ళకి జతగా వెళ్ళడమంత విసుగు పని ఇంకోటి లేదు. వాళ్ళు ఒక రాయి ముందు పడుకుంటారు, మనం పక్కన తేలుతూ చలికి బిగుసుకుపోవాలి. యాకొమీనాతో రెండోసారి దిగడానికి ఎవరూ ఒప్పుకోలేదు. అందుకని ఆమె మొగుడు క్రైన్ డైవింగ్ నేర్చుకున్నాడు. అతను ఉల్లిపాయల లారీ నడిపి రిటైరైన మనిషి. నీళ్ళంటే భయం. ఆ సంగతి నాకు చెప్పాడు గానీ ఆమెకి చెప్పొద్దన్నాడు.

ఇక కెమెరా పట్టుకుంటే వణికే ఆమె చేతి సంగతి. నేను తిట్టిపోసినా వదలకుండా అడిగి నేర్చుకుంది. జంతువు వెంట పడొద్దు, ఒకచోట కూర్చో, అదే వస్తుందని చెప్పాను. లైటు ఎదురుగా వేస్తే నీళ్ళలో నలకలన్నీ మంచులా మెరుస్తాయి, పక్కనుంచి వెయ్యమన్నాను. ముందు ఊపిరి కుదురు చేసుకో, ఆ తర్వాతే మీట నొక్కు అన్నాను. ఇంట్లో టీ కెటిల్ ముందు కెమెరా పెట్టి, ఆవిరి వచ్చేదాకా కదలకుండా నిలబడేదట. "వంటింట్లోకి వెళ్ళాలంటే నాకు భయంగా ఉంది మాస్టారూ," అనేవాడు క్రైన్. తర్వాత చిన్న స్టాండు కొని, దాని కాళ్ళకి సీసం దిమ్మలు కట్టింది. ఏడాది తిరిగేసరికి లీన్ కూడా జోకులు మానేశాడు.

మే నెలలో సెపియాలు గుడ్లు పెట్టడానికి మా వైపు నీళ్ళలోకి వస్తాయి. ఆక్టోపస్‌కి దగ్గర చుట్టాలు, క్షణానికో రంగు మారుస్తాయి. వాటి కోసం క్లబ్బు వాళ్ళం నీటి అడుగున చెట్టు కొమ్మలు పాతి పెడతాం. నల్లద్రాక్ష గుత్తుల్లా ఆ కొమ్మలకి గుడ్లు కడతాయి. అది వీడియో తీయాలని యాకొమీనా చలికాలమంతా కలవరించింది.

వాళ్ళిద్దరూ దిగిన ఆదివారం నేను సముద్రపు కట్ట మీదే ఉన్నాను. ముందు క్రైన్ ఒక్కడే పైకొచ్చాడు. మెట్ల మీద కూలబడ్డాడు, పెదాలు నీలంగా ఉన్నాయి. ఏమైందంటే చలేసిందన్నాడు. ఆమె ఏదని అడిగితే, "బాగానే ఉంది, తీసుకుంటోంది," అన్నాడు. నేను పరుగున గాలి సిలిండర్ తగిలించుకుంటుంటే ఆమె కూడా తేలింది. మాస్కు లాగేసి, అక్కడ్నించే మొదలుపెట్టింది.

"ఏమయ్యా, బుద్ధుందా నీకు? తలతిప్పి చూస్తే మనిషి లేడు! నా గుండె ఆగినంత పనైంది. చలేస్తే చెప్పి పోవాలని తెలీదూ?"

"తప్పే," అన్నాడు క్రైన్.

కట్ట మీదున్న అందరం ఆమె పక్షమే. జతను వదిలి రావడం మా దగ్గర చిన్న నేరం కాదు. నేనూ అతన్ని నిలబెట్టి నాలుగు వాయించాను. అతను బఠాణీ సూప్ తాగుతూ తల ఊపాడు.

మా క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. కొత్తగా వీడియో నేర్చుకునేవాళ్ళు క్లబ్బులో అందరికీ చూపించేటప్పుడు కత్తిరించకుండా, తీసింది తీసినట్టే చూపించాలి. తప్పులు కనబడితేనే కదా నేర్చుకునేది. యాకొమీనా గొణిగింది. "మధ్యలో నా చెయ్యి అడ్డొచ్చింది, అందుకే ఆ ముక్క తీసేశాను. మా అక్కలందరికీ అదే పంపాను, ఎంత మెచ్చుకున్నారో!" అంది. కుదరదన్నాం.

తర్వాతి వారం క్లబ్బులో అందరం బోలస్‌లు తింటూ కూర్చున్నాం. ఆ తీపి రొట్టెల దాల్చినచెక్క పాకం వేళ్ళకి అంటుకుంటోంది. క్రైన్ అందరికీ వెనకాల, కాఫీ మిషన్ పక్కన కుర్చీ వేసుకున్నాడు. నేను ప్రొజెక్టర్ వెయ్యగానే గోడంతా బొమ్మ పడింది, ఆకుపచ్చ నీళ్ళు, కొమ్మలు. కొమ్మ ముందు సెపియా, ఒళ్ళంతా చారలు పరిగెడుతున్నాయి. బొమ్మ ఇసుమంతైనా కదలడం లేదు. నా మట్టుకు నాకు గర్వంగా అనిపించింది. ఒక గుడ్డు కట్టింది, రెండోది కడుతోంది.

"ఇదిగో, ఇక్కడే నా వెధవ చెయ్యి," అంది యాకొమీనా.

బొమ్మ కింది అంచు నుంచి గ్లవ్ తొడిగిన చెయ్యి లేచింది. అరచెయ్యి అవతలి వైపుకి తిప్పి ఉంది. కాసేపు అలాగే నిలిచి, దిగిపోయింది.

"వెనక్కి తిప్పు," అన్నాడు లీన్. కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "సెపియాని చూడకండి. దాని వెనక చూడండి."

తిప్పాను. ఇంట్లో చిన్న తెర మీద పాచి మరకలా కనబడి ఉంటుంది. గోడ మీద అది మనిషి. కొమ్మల అవతల, మసక నీళ్ళలో, క్రైన్. అరచేతిని అడ్డంగా పెట్టి గొంతు మీద కోస్తున్నట్టు ఇటూ అటూ లాగుతున్నాడు. గాలి అయిపోయింది అని చెప్పే సైగ అది. మొదటి రోజే నేర్పుతాం, చిన్నపిల్లలకి కూడా తెలుసు. రెండుసార్లు చేశాడు, మూడోసారీ చేశాడు. అప్పుడు లేచింది ఆమె చెయ్యి. ఆగు.

ఎవరో బోలస్ కింద పడేశారు.

అంతటితో అయితే తట్టుకునేవాళ్ళమేమో. ఆ చెయ్యి చూశాక క్రైన్ తన చెయ్యి దించేశాడు. దించి, ఆగాడు. సిలిండర్ ఖాళీ అవుతుంటే గాలి ఒక్కసారిగా పోదు, గుక్క గుక్కకీ బిగుసుకుపోతుంది. ఆ బిగుసుకుపోయే గుక్కలు పీల్చుకుంటూ, చేతులు కట్టుకుని, భార్య పని అయ్యేదాకా ఆ మనిషి ఆగాడు. సెపియా తాపీగా రెండో గుడ్డు కట్టింది. అప్పుడు అతని ముఖం దగ్గర బుడగలు ఆగిపోయాయి. ఒక్కసారి గింజుకుని పైకి పోయాడు, కాళ్ళు మాత్రం కనబడ్డాయి. లోతు ఎక్కువ లేకపోబట్టి బతికాడు.

యాకొమీనా లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. ఆమె ముఖం మీద కూడా ఆకుపచ్చ నీళ్ళు పడుతున్నాయి. "మళ్ళీ వెయ్యి," అంది. వేశాను. "మళ్ళీ," అంది.

"నీడేదో కదిలింది," అంది చివరికి, గోడతోనే. "సెపియా బెదిరిపోతుందనుకున్నాను. అంతే అనుకున్నాను."

నేను కోపం పట్టలేకపోయాను. ఆ కోపం ఎవరి మీదో నాకే తెలీదు. "క్రైన్! గాలి అయిపోతే ఆ రోజు నోరు విప్పి ఎందుకు చెప్పలేదయ్యా? చలేసిందని ఎందుకన్నావు?"

"చలి కూడా వేసింది మాస్టారూ," అన్నాడు క్రైన్. అందరూ తన వైపు తిరిగేసరికి పాపం సిగ్గుపడ్డాడు. "ఆమెకి చెప్పాను కదా. ఆగమంది."

"ఈ ఏడాదికి యాకొమీనా నీళ్ళలోకి దిగదు," అన్నాను.

"అదేం న్యాయం మాస్టారూ? ఇప్పుడే కదా ఆమె చెయ్యి వణకడం మానింది. ఇంకా పిల్లలు బయటికొచ్చేది తీయాలి. నేను వెళ్తాగా తోడు."

యాకొమీనా వెనక్కి తిరిగింది. ఆమె ఏడవగా నేనెప్పుడూ చూడలేదు, ఆ రోజూ ఏడవలేదు. కుర్చీల మధ్యనుంచి అతని దగ్గరికి నడిచి, చొక్కా పట్టుకుని కుదిపేసింది.

"విను. ఇకమీదట నేను ఆగమన్నా సరే, ఆగొద్దు. అర్థమైందా? నా మాట వినొద్దు!"

"సరే," అన్నాడు క్రైన్ వెంటనే, ఆమెను సముదాయిస్తూ. "సరేలే. నువ్వెలా అంటే అలాగే."

ఇంకోరోజైతే లీన్ ఆ మాట పట్టుకుని నెలంతా నవ్వించేవాడు. ఆ రోజు అతను లేచి గోడ మీద బొమ్మ ఆపేశాడు.