పర్ల్ ఎడమ కన్ను

క్లెమ్ టల్లీ పోయి అప్పటికి ఏడు వారాలు. ఆ ఏడు వారాల్లో అతని భార్య నోరీన్ ఒక్కసారి కూడా ఏడవలేదు. సమాధి దగ్గర ఏడవలేదు. తరవాత చర్చి హాల్లో ఆడవాళ్ళంతా వరసగా వచ్చి కౌగలించుకున్నప్పుడూ ఏడవలేదు. "ఏడిస్తే కాస్త తేలికవుతుందమ్మా" అని పాస్టరుగారు అంటే, "అలాగేనండీ, చూస్తాను" అంది, కొట్లో నుంచి ఏదో తెమ్మంటే సరేనన్నట్టు. లోపల ఏమీ లేదు మరి. రాత్రి మంచుకి బిగుసుకుపోయిన పెరటి కుళాయిలా ఉంది ఆవిడ. ఎంత తిప్పినా గాలే వస్తుంది.

పనులు మాత్రం ఆగలేదు. కోళ్ళకి గింజలు చల్లేది, పొయ్యిలో కట్టెలు పెట్టేది, ఆదివారం చర్చికి వెళ్ళేది. అన్నం ముందు కళ్ళు మూసుకుని దేవుడికి చెప్పుకునే నాలుగు మాటల్లో "మా ఇద్దరికీ" అనే ఇప్పటికీ వచ్చేది. సరిదిద్దుకోలేదు. దేవుడికి తెలియకపోతుందా అనుకుంది.

ఇంట్లో ఇంకో ప్రాణి ఉంది. వెనక వరండా పక్కన చిన్న గదిలో, అద్దాల పెట్టెలో, క్లెమ్ పెంచుకున్న కొండచిలువ. పేరు పర్ల్. బొటనవేలంత లావున ఉన్నప్పుడు లైసెన్సు తీసుకుని తెచ్చుకున్నాడు. ఇరవై రెండేళ్ళలో అది ఆరడుగులు దాటింది. తెచ్చిన రోజునే మొగుడూ పెళ్ళాం ఒక ఒప్పందానికి వచ్చారు. ఆ గది గడప అవతల అతనిది, ఇవతల ఆవిడది. ఒక్క ఫ్రీజర్ దగ్గరే ఒప్పందం తప్పింది. పర్ల్ తినే ఎలకలు గడ్డకట్టి, పాత ఐస్‌క్రీమ్ డబ్బాలో, బఠాణీల పక్కనే ఉండేవి. క్లెమ్ సమాధి రోజున ఎవరో ఐస్‌క్రీమే అనుకుని ఆ డబ్బా చర్చి హాలుకి తెచ్చారు. ఆపిల్ పై మీదికి వేద్దామని పొరుగింటి గ్వెన్డా దాని మూత తీసింది. హాలంతా వినపడేలా ఆవిడ పెట్టిన కేకకి పాస్టరుగారి చేతిలో కప్పు ఒలికింది. క్లెమ్ ఉంటే పొట్ట పట్టుకుని నవ్వేవాడు. నోరీన్ డబ్బా మూత పెట్టి, ఇంటికి తెచ్చి మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టేసింది.

గ్వెన్డాకి పామంటే ప్రాణం పోయేంత భయం. ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంటి లోపలికి రాలేదు. ముందు వరండా మెట్ల మీదే కూర్చునేది. క్లెమ్ పోయినప్పటి నుంచి మాత్రం రోజూ పొద్దున వచ్చి ఆ మెట్ల మీదే నోరీన్ కలిపిచ్చిన టీ తాగి వెళ్ళేది. ఓదార్పు మాటలు చెప్పేది కాదు. గుమ్మడికాయ ధర, గాలి, మోకాళ్ళ నొప్పి. అంతే.

ఆసుపత్రిలో ఆఖరి వారం క్లెమ్‌కి మాట సరిగా వచ్చేది కాదు. "పర్ల్‌ని చూసుకుంటావుగా?" అన్నాడు. "చూసుకుంటాలే, నువ్వు పడుకో" అంది. ఆ తరవాత చెయ్యడానికింకేమీ మిగల్లేదు. నర్సు ఒక్క పని నేర్పింది. గోరువెచ్చటి నీళ్ళలో దూది ముంచి, పిండి, ఎండిపోయిన పెదాల మీద అద్దడం. అద్దే ముందు ప్రతిసారీ "నేనేలే" అనేది నోరీన్. కళ్ళు మసకబారి, ఎవరు వచ్చారో తెలిసేది కాదు అతనికి.

సమాధి అయిన రెండో వారంలో ఆవిడకి ఇల్లు కడిగే పిచ్చి పట్టింది. కర్టెన్లు దింపింది, అలమరలు కడిగింది, చివరికి గడప దాటి క్లెమ్ గదిలోకీ వెళ్ళింది. పర్ల్‌ని క్లెమ్ ఎత్తినట్టే రెండు చేతులా ఎత్తి గుడ్డ సంచిలో వేసి, పెట్టె లోపలంతా తోమింది. అందులో ఒక గిడ్జీ మొద్దు ఉంది. గరుకుగా, పగుళ్ళతో, మురికి పట్టి. గిడ్జీ కట్టె అంటే ఆ ఊళ్ళో ఎవరికైనా పొయ్యే గుర్తొస్తుంది. ఒక్క మొద్దు వేస్తే తెల్లారేదాకా ఎర్రగా ఉంటుంది. అంత మంచి కట్టె పాము పెట్టెలో ఎందుకు మగ్గడమని ఆ సాయంత్రమే పొయ్యిలో వేసేసింది. బాగా మండింది కూడా. దాని బదులు నున్నటి పింగాణీ గిన్నె ఒకటి బోర్లించి పెట్టింది పెట్టెలో.

ఆగస్టంటే అక్కడ చలికాలం. ఆ నెల మొదట్లో పడమటి గాలి మొదలైంది. బయట ఎండిన గడ్డి ఈల వేస్తోంది, లోపల పొయ్యి. పెదాలు పగిలేంత పొడిగా ఉంది ఇల్లు. ఒక పొద్దున నీళ్ళు మార్చడానికి వెళ్ళిన నోరీన్ పర్ల్ కళ్ళ వంక చూసి అలాగే నిలబడిపోయింది. రెండు కళ్ళూ పాలు పోసినట్టు నీలంగా మసకబారి ఉన్నాయి. ఒళ్ళంతా బూడిద చల్లినట్టుంది.

"ఇదీ పోతోంది" అనుకుంది. భయం వెయ్యలేదు. క్లెమ్‌కిచ్చిన మాట తప్పుతున్నానన్నది మాత్రం తెలిసింది.

గోడ మీద క్లెమ్ పెన్సిల్‌తో రాసిన నంబరుంది. రాబిన్‌ది. ఆవిడ స్కూలు బస్సు నడుపుతుంది, ఊళ్ళో ఎవరింట్లో పాము దూరినా వచ్చి పట్టుకుంటుంది. ఆ వారం తల్లిని చూడ్డానికి రెండొందల కిలోమీటర్ల అవతల ఉంది.

"చావడం కాదు మిసెస్ టల్లీ, కుబుసం విడుస్తోంది" అంది రాబిన్ ఫోన్లో. "ఇరవై రెండేళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఇదెప్పుడూ చూడలేదా మీరు?"

"నేను ఆ గదిలోకి వెళ్ళేదాన్ని కాదు."

"దివ్యమైన కాపురం! సరే, వినండి. మీరు చెయ్యాల్సింది ఒక్కటే. ఏమీ చెయ్యకపోవడం. తిండి పెట్టకండి, ముట్టుకోకండి. ఇప్పుడు దానికి సరిగా కనపడదు, భయానికి కరుస్తుంది. నీళ్ళ తొట్టి నిండుగా ఉంచండి. క్లెమ్ పుస్తకం ఉంటుంది చూడండి, అందులో అన్నీ రాసేవాడు."

ఏమీ చెయ్యకపోవడం నోరీన్‌కి కొత్త కాదు.

పుస్తకం పెట్టె వెనక మేకుకి వేలాడుతోంది. స్కూలు పిల్లల నోటు పుస్తకం. ఒక్కో కుబుసానికి రెండు మూడు వరసలు. "కళ్ళు నీలం." "తేటపడ్డాయి." "నాలుగు రోజులకి విడిచింది. కళ్ళు రెండూ వచ్చాయి, తోక కొస వచ్చింది." ప్రతిసారీ అదే ఆఖరి మాట, కళ్ళ మీది పొరలూ తోక కొసా చర్మంతోపాటు ఊడివచ్చాయని. మధ్యలో ఒకచోట ఇలా ఉంది: "రోడ్డు పనికి వెళ్ళి పదకొండు రోజులు. వచ్చేసరికి నీళ్ళు తేటగా ఉన్నాయి. ఎవరో మార్చారు. నోరీన్ ఏమీ అనలేదు. నేనూ అడగలేదు."

ఆవిడకి గుర్తుంది. ముక్కు మూసుకుని, మోచెయ్యి చాపి, తలుపు దగ్గర నుంచే మార్చింది. అతనికి తెలియదనుకుంది.

అట్ట లోపలి వైపు పెద్ద అక్షరాలతో రాసి ఉంది: "గిడ్జీ మొద్దు ఎప్పుడూ తియ్యకూడదు. ముక్కు రుద్దుకుని చర్మం చింపుకునేది దానికే."

నోరీన్ ఆ వరస రెండుసార్లు చదివింది. పుస్తకం మేకుకి తగిలించి, వెళ్ళి కోళ్ళకి గింజలు వేసింది.

అయిదో రోజుకి కళ్ళు తేటపడ్డాయి. గండం గడిచిందనుకుంది. కానీ తొమ్మిదో రోజు పొద్దున చూస్తే పర్ల్ నున్నటి గిన్నెకి, అద్దానికి మూతి రుద్దుతోంది. జారుతోంది తప్ప ఏమీ పట్టడం లేదు. పెదవి దగ్గర చర్మం పేలికలా చిరిగి వేలాడుతోంది. మెడ చుట్టూ ఎండిపోయి ఉంగరంలా బిగుసుకుంది. కుడికన్ను నల్లగా మెరుస్తోంది. ఎడమకన్ను మీద మాత్రం పాత పొర ముడతపడి అంటుకుపోయి ఉంది.

మెట్ల మీద టీ తాగుతూ గ్వెన్డా, గరుకు మొద్దు పొయ్యిలో వేసిన సంగతితో సహా, అంతా విన్నది.

"పట్టకారుతో పట్టి లాగెయ్యవే! మా ఆయన చేతిలో ముళ్ళు నేనలాగే తీస్తాను."

"అరుస్తాడా?"

"వాడా? చర్చి దాకా వినపడుతుంది. అయినా ముల్లు వచ్చేస్తుంది కదా."

గ్వెన్డా వెళ్ళాక నోరీన్ పట్టకారు తీసుకుంది. పర్ల్ మెడ పట్టుకుని కన్ను దగ్గరికి తెచ్చింది. పొర అంచు సన్నగా లేచి ఉంది. పట్టుకుంటే దొరుకుతుంది. పాము కదలలేదు. నాలుక ఒకసారి బయటికి వచ్చి పోయింది. ఆవిడ చెయ్యీ వణకలేదు. ఏమీ అనిపించకపోవడం వల్ల వచ్చిన ధైర్యమది. అదెందుకో మంచిది కాదనిపించి, పట్టకారు కింద పెట్టి ఫోను తీసింది.

"అయ్యో, వద్దు!" అంది రాబిన్. "పాముకి రెప్పలుండవు. ఆ పొర కిందే అసలు కన్ను. బలవంతాన లాగితే రెండూ కలిసి వస్తాయి. లాగారా?"

"లేదు."

"దేవుడు చల్లగా చూశాడు. మీ ఇంట్లో నూలు దిండు గలేబు ఉందా? గోరువెచ్చటి నీళ్ళలో తడిపి పిండండి. పాముని అందులో వేసి, గాలాడే డబ్బాలో పెట్టి రెండు గంటలు పక్కనే కూర్చోండి. నీళ్ళు కారకూడదు, చల్లబడకూడదు. రోజూ అంతే. అదే తడి గుడ్డలో కదులుతూ వదిలించుకుంటుంది. మీరు తడిగా ఉంచండి, చాలు."

నోరీన్ మణికట్టు లోపలివైపు రెండు చుక్కలు వేసుకుని నీళ్ళ వేడి చూసింది. గలేబు ముంచి, పిండింది. పర్ల్‌ని అందులోకి జార్చేముందు "నేనేలే" అంది. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో వెంటనే తెలిసింది. తెలిసినా చేతులు పని ఆపలేదు.

డబ్బా ఒళ్ళో పెట్టుకుని, పొయ్యికి దూరంగా, వంటింట్లో కూర్చుంది. తడిగుడ్డ కింద ఆ బరువు మెల్లగా దొర్లేది, ఆగేది, మళ్ళీ దొర్లేది. దేవుడికి ఏం చెప్పుకోవాలో తోచక, "ఎడమకన్ను" అంది. అంతకన్నా పొడుగు ప్రార్థన ఆవిడ దగ్గర లేదు.

మర్నాడు పొద్దున మెట్ల మీద దబ్బుమని చప్పుడైంది. గ్వెన్డా ఆయాసపడుతూ నిలబడి ఉంది. కాళ్ళ దగ్గర గిడ్జీ మొద్దు. నల్లగా, బండగా, పగుళ్ళతో, రంపపు పళ్ళలాంటి అంచుతో.

"చాలా గరుకు కావాలన్నావుగా. మా కట్టెల కుప్పలో అడుగున దొరికింది. చలి ముదిరితే వేసుకుందామని దాచుకున్నాడు మా ఆయన."

"ఏమన్నాడు?"

"వాడికి తెలియదు. నువ్వూ చెప్పకు." అరచేతులు పావడాకి తుడుచుకుంది. ఒకచోట గీసుకుపోయి రక్తం వచ్చింది. "నిన్న పట్టకారని వాగాను. ఇంటికెళ్ళాక నిద్ర పట్టలేదు. లాగావేమోనని."

"లాగలేదు."

"నా మాట నువ్వెప్పుడూ వినవు. మంచిదే అయింది."

మొద్దుని నోరీన్ వేడినీళ్ళతో కడిగి, ఆరబెట్టి పెట్టెలో పెట్టింది. ఆ రోజూ, మర్నాడూ రెండేసి గంటలు తడిగలేబు. మెడ చుట్టూ ఉంగరం మెత్తబడింది. పొర అంచు ఇంకొంచెం లేచింది. ఆవిడ ముట్టుకోలేదు.

మూడో రోజు పదిన్నరకి గదిలోంచి ఎండాకు లాగినట్టు సన్నటి చప్పుడు. వెళ్ళి నేల మీద కూర్చుంది. పర్ల్ మూతిని మొద్దు అంచుకి ఆనించి, ఒకసారి ఇటు, ఒకసారి అటు తోసింది. పెదవి దగ్గర వేలాడే పేలిక పగులులో ఇరుక్కుంది. అప్పుడు ముందుకి పాకింది. తల మీది చర్మం వెనక్కి ముడుచుకుంది. తరవాత మెడ. తరవాత, తీరిగ్గా, ఒళ్ళంతా. మేజోడు తిరగేసి విప్పినట్టు తనలోంచి తను నడిచి వచ్చేసింది. కొత్త చర్మం మీద పసుపూ నలుపూ, అప్పుడే నూనె రాసినట్టున్నాయి.

కుబుసం తీసి కిటికీ దగ్గర తల భాగం మెల్లగా విప్పి చూసింది నోరీన్. కుడివైపు అద్దపు బిళ్ళలాంటి పొర, గుండ్రంగా, తేటగా. ఎడమవైపు ముడతపడింది. కానీ ఉంది. అంచు ఎక్కడా చిరగలేదు. పెట్టెలోంచి పర్ల్ రెండు నల్లటి కళ్ళతో బయటికి చూస్తోంది.

మేకు మీంచి పుస్తకం తీసింది. క్లెమ్ ఆఖరి వరస కింద ఖాళీ ఉంది. తేదీ వేసి రాసింది: "కళ్ళు రెండూ వచ్చాయి. తోక కొస వచ్చింది. మొద్దు గ్వెన్డాది." దాని కింద ఇంకో వరస రాసింది: "నీళ్ళు నేనే మార్చాను, అప్పుడు."

మెట్ల మీద గ్వెన్డా అప్పటికే వచ్చి కూర్చుని ఉంది. ఆవిడ కప్పూ తన కప్పూ పట్టుకుని నోరీన్ వెళ్ళి పక్కన కూర్చుంది.

"వచ్చేసింది, రెండు కళ్ళూ."

"దేవుడికి స్తోత్రం! చూపించమాకు తల్లీ, నమ్ముతాను."

నోరీన్ ఒక గుక్క తాగింది. కప్పు దించి దాని వంక చూసింది.

"గ్వెన్డా, ఇందులో చక్కెర లేదు."

"అవును."

"నీ దాంట్లో?"

"నా దాంట్లోనూ లేదు."

"నీకు రెండు చెంచాలు కదా."

"ఏడు వారాల నుంచి లేదే" అంది గ్వెన్డా, కప్పులోకి చూస్తూ. "అలవాటైపోయిందిలే. ఇదీ బానే ఉంది."

నోరీన్ లేచింది. రెండు కప్పులూ తీసుకుని లోపలికి వెళ్ళి, చక్కెర డబ్బా వెతికి, మూత తీసింది. లోపల గడ్డకట్టి ఉంది. చెంచా వెనకవైపుతో కొట్టి పగలగొట్టడం మొదలుపెట్టింది. గట్టిగా కొట్టాల్సి వచ్చింది. ఆ చప్పుడుకి గ్వెన్డా మెట్ల మీంచి లేచి, తలుపు దాకా వచ్చి, గడప మీద ఒక కాలు పెట్టి నిలబడింది.

"ఏం చేస్తున్నావే లోపల?"

"చక్కెర" అంది నోరీన్. మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. "ఉండు. వస్తున్నా."