పైకి చదివే గది

మార్చిలో గాలి మిర్చి యార్డు వైపు నుంచి వీచిందంటే మిరప ఘాటు మా యూనివర్సిటీ గ్రంథాలయం దాకా వచ్చేస్తుంది. ఎన్ని అద్దాలు బిగించినా తలుపు తెరిచినప్పుడల్లా లోపలికి దూరుతుంది. ఎవరో ఒకరు దగ్గుతారు. దగ్గి, ఏదో తప్పు చేసినట్టు చుట్టూ చూస్తారు. ఆ చూపు కనిపించినప్పుడల్లా నాకు రూతమ్మ గారు గుర్తొస్తారు. "దగ్గడానికి కూడా భయపడే చోట చదువేం ఎక్కుతుందమ్మా?" అనేవారావిడ.

తొంభైల చివర నేను సత్తెనపల్లి నుంచి వచ్చి అసిస్టెంటుగా చేరేనాటికి ఆవిడ మా లైబ్రేరియను. పొట్టి మనిషి, ముతక నేత చీర. నడక మాత్రం బస్సు తప్పిపోతున్నట్టు ఉండేది. పాత హాలును విద్యార్థులకు అనువుగా మార్చుకోమని అప్పుడే పైనుంచి అనుమతి వచ్చింది. ఏం కావాలో రాసి వేయమని గుమ్మం దగ్గర ఒక పెట్టె పెట్టాం. కొన్నాళ్ళకు తెరిచి చూస్తే అన్ని చీటీల్లోనూ ఒకటే మాట, అంతా బాగుంది మేడమ్ అని. నేను సంతోషించాను. ఆవిడ నవ్వారు. "పెళ్ళిభోజనంలో ఉప్పు లేకపోయినా బాగుందనే అంటారు మనవాళ్ళు. అడిగితే చెప్పరమ్మా, మనమే చూసుకోవాలి."

చూడడానికి నన్ను వెంటబెట్టుకుని ఆవరణంతా తిరిగారు. లోపల కుర్చీలు ఖాళీ. పిల్లలేమో మెట్ల దగ్గర, వేపచెట్ల కింద, నీళ్ళ ట్యాంకు నీడన పుస్తకం పట్టుకుని అటూ ఇటూ నడుస్తూ పైకి చదువుకుంటున్నారు. పల్లెటూరి బళ్ళలో నేర్చుకున్నవాళ్ళందరికీ అదే అలవాటు. నోరు, కాళ్ళు ఆడకపోతే పాఠం బుర్రకెక్కదు. నేనూ అలా చదివినదాన్నే. అయినా ఉద్యోగంలో చేరాక, గొంతు వినిపిస్తే చాలు, నిశ్శబ్దం బోర్డు వైపు వేలు చూపించేదాన్ని.

వెనక గదిలో పేరుకుపోయిన పాత పేపర్ల కట్టలను ఆవిడ పై అంతస్తుకు మార్పించారు. బల్లలన్నీ గోడల వారగా జరిపించి, మధ్యలో నడవడానికి చోటు వదిలారు. 'ఇక్కడ పైకి చదవవచ్చు' అని తలుపు మీద రాయించారు. మొదటిరోజు పిల్లలు వచ్చి బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారే గాని ఒక్కరూ నోరు విప్పలేదు. ఆవిడ కాసేపు చూసి, ఆనాటి పేపరు తీసుకుని, గది మధ్యలో నడుస్తూ మిరప ధరలు గొంతెత్తి చదవడం మొదలుపెట్టారు. సన్నం రకం రేటు పడిపోయిందని చదవగానే మూలనున్న ఒక అమ్మాయి, "మా నాన్న నిన్ననే అమ్మేశాడండి, బతికిపోయాం," అంది. గదంతా నవ్వింది. ఆ తర్వాత ఆ గదిలో గొంతులు ఆగలేదు. పరీక్షల రోజుల్లో వరండాలోకి ఆ చదువుల హోరు వినిపిస్తుంటే నాకు ఎంతో హాయిగా ఉండేది.

కొన్నేళ్ళకు కొత్త భవనం మంజూరైంది. ఏసీ హాలు, కంప్యూటర్లు, అన్నీ ప్లానులో ఉన్నాయి. ఆ గది ఒక్కటే లేదు. సమావేశానికి ఆవిడ వెంట నేనూ వెళ్ళాను. "లైబ్రరీలో గోల గది ఏమిటండీ, చూసినవాళ్ళు నవ్విపోతారు," అన్నారు కమిటీలోని ఒక పెద్దాయన.

రూతమ్మ గారు గొంతు పెంచలేదు. "మా అమ్మకు చదువు రాదండి. మిరప కోతకు వెళ్ళొచ్చి పొయ్యి దగ్గర కూర్చునేది. నేను పైకి చదువుతుంటేనే దానికి ధైర్యం, పిల్ల చదువుకుంటోందని. నా గొంతు ఆగితే, ఏమే, నిద్రపోయావా అని కేకేసేది. అట్లా చదివే ఈ ఉద్యోగంలోకి వచ్చాను. ఈ పిల్లలూ అట్లాంటి ఇళ్ళ నుంచే వస్తున్నారండి."

ఆ పెద్దాయన మెత్తగానే, "చూద్దాం లెండి," అన్నారు. చూద్దాం అంటే అర్థమేమిటో మనవైపు ఎవరికి తెలియదు?

కొత్త గోడలు లేస్తుండగానే ఆవిడ మంచం పట్టారు. కిడ్నీలు పాడయ్యాయన్నారు. భవనం తెరిచిన వేసవిలో గుంటూరు ఆసుపత్రికి చూడబోయాను. ముఖం ఉబ్బి, మనిషి గుర్తుపట్టలేనట్టు ఉన్నారు. నేను స్టూలు మీద కూర్చోగానే అడిగారు.

"గది ఇచ్చారా?"

"లేదు మేడమ్. పాత భవనాన్ని స్టోరుకు ఇచ్చేశారు. మన గదిలో విరిగిన బల్లలు వేశారు."

"మరి పిల్లలెక్కడ చదువుకుంటున్నారు?"

"జనరేటర్ షెడ్డు వెనక తిరుగుతున్నారండి."

"ఎండ కదమ్మా," అన్నారు. అని అటు తిరిగి పడుకున్నారు. ఆ వారం దాటకుండానే పోయారు. సమాధుల తోటలో పాటలు పాడుతుంటే నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. మా అమ్మ పోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదు.

ఇప్పుడు ఆవిడ ఉద్యోగం నేను చేస్తున్నాను. ప్రతి సమావేశంలోనూ ఆ గది అడుగుతాను. "మీ మేడమ్ పూనారండీ మిమ్మల్ని," అని నవ్వుతారు, చూద్దాం అంటారు. రిటైరయ్యేలోగా వస్తుందన్న ఆశ నాకు సన్నగిల్లింది. మధ్యాహ్నం పూట నా కిటికీలోంచి చూస్తే, షెడ్డు వెనక ఎవరో ఒక పిల్ల చున్నీ తలమీద కప్పుకుని, పుస్తకం పట్టుకుని నడుస్తూ ఉంటుంది. అద్దం ఇవతల గొంతు వినిపించదు, పెదవులు కదలడం మాత్రం కనిపిస్తుంది. ఇక నా ఏసీ గదిలో నాకు కూర్చోబుద్ధి కాదు.