యర్రయ్య తాతకు రాదన్న పని

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది నేను పలాసలో ఒక ప్రైవేటు ఆసుపత్రి కిడ్నీ విభాగంలో నర్సుని. ఉద్దానం తీరం నుంచి యర్రయ్య తాత వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, బతుకంతా సముద్రం మీదే. ఆయనకు సీఏపీడీ నేర్పాలి. అంటే పొట్టలో అమర్చిన గొట్టంలోంచి మందునీళ్ళు ఎక్కించి, మలినాలు చేరాక దించేసుకోవడం. ఇంట్లోనే రోజూ చేసుకోవచ్చు. అది చేతకాకపోతే వారానికి మూడుసార్లు డయాలసిస్ మిషను దగ్గరికి బస్సులో పడి రావాలి. ఆ ఒంటితో కొన్నాళ్ళకే మానేస్తాడు, మానేస్తే మనిషి దక్కడు.

నేర్పేది మా కోఆర్డినేటరు. ఫోన్లో వీడియో చూపిస్తూనే గబగబా చెప్పేవాడు, మధ్యలో "అర్థమైందా తాతా?" అని గదమాయించేవాడు. తాత ఒకసారి మాస్కు మరిచాడు, ఇంకోసారి గొట్టం బిగించే క్లాంపు వదిలేశాడు.

"మతి పోయింది సిస్టర్. ఈయనకి రాదు, మిషనే గతి" అని తాత ఎదురుగానే తేల్చేశాడు కోఆర్డినేటరు. తాత తల దించుకున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మతి పోవడం వేరు, వయసు మీదపడటం వేరు. ఏది ముందు, ఏది వెనక అని చూసుకుంటూ పని నడిపే శక్తిని ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ అంటారు. వయసుతో అది నెమ్మదిస్తుంది. ఒకేసారి వినడం, చూడటం, చేయడం కష్టమవుతుంది. ఇది మేమంతా పరీక్షల్లో రాసి పాసైన ముక్కే!

ఆయన భార్య నూకమ్మను పక్కకు పిలిచి, ఇంట్లోనూ ఇలాగే తికమకపడతాడా అని అడిగాను.

"అదేటమ్మా! పడవలో వల పేర్సేది ఇప్పుడికీ ఈయనే. మెలికపడకుండా మడతమీద మడత ఏత్తాడు. అప్పుడు మాత్రం ఎవులూ మాటాడకూడదు. మాటాడితే తిట్టిపోత్తాడు."

మర్నాడు టీవీ ఆపించి, తలుపు మూసి, నేనే కూర్చున్నాను. సామానంతా వాడే వరసలో బల్లమీద పెట్టుకోమన్నాను.

"వల పేర్సినట్టేనేటి?" అన్నాడు తాత.

"అంతే తాతా."

ఒకసారి చేసి చూపించి నోరు మూసుకున్నాను. ఆయన సగంలో ఆగిపోయాడు. చెప్పబోయి నాలుక కరుచుకున్నాను. తాత బల్లమీది వరసను మొదటినుంచీ చూసుకుని, వదిలేసిన క్లాంపును తనే బిగించాడు. నెమ్మదిగానే, కానీ పూర్తి చేశాడు. ఆ తర్వాత రోజూ చేశాడు.

ఇంటికి పంపేరోజు తాత మందునీళ్ళ సంచి మారుస్తుంటే కోఆర్డినేటరు వచ్చి, "శభాష్ తాతా! ఎలా వచ్చేసింది?" అన్నాడు.

తాత తలెత్తలేదు. నూకమ్మ లేచి అడ్డంగా నిలబడింది.

"నువ్వు మాటాడకు బాబూ. నువ్వు మాటాడబట్టే ఇన్నాళ్ళూ రానేదు."

ఇప్పుడు ఎవరైనా నా దగ్గర "వయసైపోయింది, ఈయనకి రాదు" అంటే, నేర్పినవాళ్ళెవరని ముందు అడుగుతాను.