గోడ అవతలి నుంచి వచ్చిన జవాబు

దయ్యాల కబుర్లు మొదలైతే నేను అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోతాను. భయంతో కాదు, నమ్మకం లేక. చనిపోయినవాళ్లు దేవుని దగ్గర ఉంటారని, మన గోడల వెనక తిరగరని చిన్నప్పటి నుంచి చర్చిలో విన్నాను. ఇప్పటికీ నా నమ్మకం అదే. లాక్‌డౌన్‌లో వచ్చిన ఈస్టర్ నాడు జరిగినదాన్ని మాత్రం ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

మాది సిరిసిల్ల వైపు. పెళ్లయిన కొత్తలోనే నేను, మా ఆయన ప్రభుదాసు సూరత్ వచ్చేశాం. ఆయన సాంచాల మీద, అదే మరమగ్గాల మీద, బట్ట నేస్తాడు. నేను ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటిస్తాను. ఊళ్లోనే బమ్రోలి అనే పేటలో ఒక బిల్డింగు పై అంతస్తులో మా గది. అక్కడ ఉన్నవి రెండే గదులు. పక్క గదిలో ఉండే ఒడిశా కుర్రాళ్లు హోలీకి ఊరెళ్లి, రైళ్లు ఆగిపోవడంతో అక్కడే చిక్కుకుపోయారు. దానికి తాళం వేసి ఉంది.

ఈస్టర్‌కు కొద్ది రోజుల ముందు ఆయనకు దగ్గు, జ్వరం ఎక్కువై అంబులెన్సులో తీసుకెళ్లారు. నా చేతి మీద క్వారంటైన్ ముద్ర వేసి, గది దాటి రావద్దన్నారు. పై అంతస్తుకు మనుషులు రావడం మానేశారు. పాలవాడు కూడా కింద నుంచే కేకేసి వెళ్లిపోయేవాడు.

ఒక్క రాజవ్వ మాత్రం వచ్చేది. ఆమె కింద అంతస్తులో కొడుకు దగ్గర ఉంటుంది. వాళ్లూ మా వైపువాళ్లే, పద్మశాలీలు. మోకాళ్ల నొప్పులతో మెట్టు మెట్టుకూ ఆగుతూ పైకొచ్చి, టిఫిన్ డబ్బా పై మెట్టు మీద పెట్టి, తను నాలుగు మెట్లు కిందికి దిగి కూర్చునేది. నేను తినేదాకా కదిలేది కాదు. తినకపోతే తిట్టేది.

శుక్రవారం నుంచి ఆయన ఫోన్ కలవలేదు. ఆసుపత్రికి చేస్తే ఎవరూ ఎత్తలేదు. అది శుభ శుక్రవారం. ఆ రోజంతా బైబిలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నానే తప్ప ఒక్క మాట చదవలేదు. ప్రార్థన చేద్దామంటే నోరు రాలేదు.

ఈస్టర్ నాడు మసక వెలుతురులోనే మెలకువ వచ్చింది. మా ఊళ్లో అయితే ఆ వేళకు సమాధుల తోటలో అందరం కొవ్వొత్తులు వెలిగించి పాడుతూ ఉంటాం. ఇక్కడ కూడా మా తెలుగువాళ్లమంతా పాస్టరుగారి ఇంట్లో కూడేవాళ్లం. ఆ ఏడు ఎక్కడివాళ్లు అక్కడే. సాంచాలు కూడా ఆగిపోవడంతో బమ్రోలి అంతా నిశ్శబ్దంగా ఉంది.

అలవాటు కొద్దీ స్నానం చేసి తెల్లచీర కట్టుకున్నాను. స్త్రీలు సమాధి దగ్గరికి వెళ్లిన భాగం పైకి చదివాను. ఆ తర్వాత పాస్టరుగారు “క్రీస్తు లేచెను” అనాలి, సంఘమంతా “నిజముగా లేచెను” అనాలి. నాకు చెప్పేవాళ్లూ లేరు, అనేవాళ్లూ లేరు. ఊరికే పక్క గది గోడ వైపు తిరిగి, “క్రీస్తు లేచెను” అన్నాను.

“నిజంగనే లేచిండు బిడ్డా” అని గోడ అవతలి నుంచి వినిపించింది.

ముసలాయన గొంతు. కొంచెం బొంగురుగా, తొందర లేకుండా. నాకు భయం వేయలేదు. ఇప్పుడు తలుచుకుంటే అదే వింతగా ఉంటుంది. మనవాళ్లనే ఎవరినో తెచ్చి పక్క గదిలో ఉంచారనుకున్నాను. ప్రాణం లేచి వచ్చినట్టయి పాట ఎత్తుకున్నాను. ఆయనా కలిశాడు. ఊరి చర్చిలో పెద్దవాళ్లు పాడినట్టు చివరి మాటను సాగదీస్తూ పాడాడు. తర్వాత నేను మా ఆయన పేరెత్తి ప్రార్థన చేశాను. చివర “ఆమేన్” అని అటు నుంచి వినబడింది.

“తాతా, ఎప్పుడొచ్చిండ్రు?” అని అడిగాను. జవాబు లేదు. మళ్లీ అడిగాను. లేదు.

ముక్కుకు చెంగు కట్టుకుని తలుపు తీశాను. పక్క గదికి తాళం అలాగే ఉంది. మెట్ల మీద రాజవ్వ చాయ్ గ్లాసుతో నిలబడి ఉంది. ఆమె ముఖంలో కోపం.

“ఆ ముసలాయన ఎవలే? గింత రోగం తిరుగుతుంటే గిట్ల రానిస్తరా ఎవలన్న?” అంది.

ఎవరూ రాలేదన్నాను.

“గమ్మత్తులు చెయ్యకు బిడ్డా. నీ పాట విన్న, ఆయన పాట విన్న. ఆఖర్ల ఆమేనో ఏందో అన్నడు గదా.”

నేను తాళం వైపు చూపించాను. రాజవ్వ దాన్ని చూసింది. గ్లాసు పక్కన పెట్టి మెల్లగా మెట్టు మీద కూర్చుంది.

“ఎవలైతేంది?” అంది. “ఒక్కదానివే ఉన్నవని నాకు నిద్రనే పడ్తలేదు. తోడొచ్చిండు, మంచిగైంది.”

మీ పండుగ పాట ఇంకొకటి పాడమంది. తనకు పాట రాదట, చప్పట్లు కొడతానంది. నేను గడపలో, ఆమె మెట్ల మీద. ఆ ఏటి మా ఆరాధన అది.

ఆ మధ్యాహ్నం ఒక నర్సు ఫోన్ చేసి మా ఆయనకు ఇచ్చింది. జ్వరం తగ్గిందన్నాడు, ఆకలేస్తోందన్నాడు. కొన్నాళ్లకు ఇంటికి వచ్చాడు. దీన్ని ఆ గొంతుతో ముడిపెట్టి చెప్పడం లేదు. ఆయనకు తగ్గినట్టే చాలామందికి తగ్గింది.

వానాకాలం పోయాక ఒడిశా కుర్రాళ్లు తిరిగొచ్చి తాళం తీసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. తాడు మీద ఆరేసిన లుంగీలు అలాగే ఉన్నాయి. నేల మీద దుమ్ము మందంగా పేరుకుని ఉంది. ఒక్క అడుగు గుర్తు లేదు. ఆ గది అవతల ఇంకో ఇల్లు లేదు, ఖాళీ గాలే. కింద నుంచి నీళ్ల పైపులో వచ్చిన శబ్దం అయి ఉంటుందని మా ఆయన అంటాడు. కింద తెలుగు వచ్చినవాళ్లు రాజవ్వ ఇంటివాళ్లే. వాళ్లకు మా పాటలు తెలియవు. పాస్టరుగారు మొత్తం విని, దేవుడికి స్తోత్రం చెప్పి ఊరుకోమ్మా అన్నారు.

కాలం చేసిన మా పెద్దల్లో ఎవరో వచ్చారని రాజవ్వ ఇప్పటికీ వాదిస్తుంది. అలా రారని నేనంటాను.

ఒక్క సంగతి మాత్రం ఆమెకు కూడా చెప్పలేదు. ఆ పొద్దున నేను ఎత్తుకున్న పాటలో నాకు మొదటి చరణమే వచ్చు. అది అయిపోగానే ఆగిపోయాను. అవతల ఆయన ఆగలేదు, రెండో చరణం పాడాడు. నేను వెనకాలే అందుకున్నాను. ఎప్పుడో చిన్నప్పుడు విని మరిచిపోయిందేమోనని ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. ఏమో. ఆ చరణం ఇప్పుడు నాకు పూర్తిగా వచ్చు.