బేరిపండు ఆవిరి

ఆవిరికి మెత్తబడుతున్న బేరిపండు, దాని కడుపులో కరుగుతున్న పటికబెల్లం. మా వంటింట్లో ఈ వాసన లేచినప్పుడల్లా మేడమ్ లిన్ గుర్తొస్తారు. అరబ్బు దేశంలో, ముసఫ్ఫాలోని మా ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ముదీర్, అంటే మేనేజరు, ఆవిడ. నేను ఆవిడ కింద ఇంజనీర్ని. ఆవిడది చైనా, నాది వరంగల్లు, మధ్యలో క్యాంపు హిందీ. ఇద్దరికీ సమానంగా రాదు కనుక పోట్లాటలకు వీలుండేది కాదు. మోటారు మొరాయిస్తే ఆవిడ పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను బేరింగు మీద పెట్టి, పిడిని చెవికి ఆనించి కళ్ళు మూసుకునేవారు. నాకేమో తొందర. "చలేగా మేడమ్, యల్లా" అని, నడుస్తుంది పదండంటే, "పహలే సునో" అనేవారు. ముందు విను.

కరోనా రోజుల్లో, నా భార్య సుజాత హైదరాబాదులో చిక్కుకుపోయినప్పుడు, నాకు దగ్గు పట్టుకుంది. సెలవు కోసం ఆవిడకు ఫోన్ చేసి, మామూలు దగ్గేనన్నాను.

"ఫోన్ ఛాతీ పే రఖో. సాఁస్ లో." ఫోన్ ఛాతీ మీద పెట్టి ఊపిరి పీల్చమని, కాసేపు విన్నారు. "యే బేరింగ్ ఖరాబ్ హై. హాస్పిటల్ జావో, అభీ!"

వెళ్తే ఊపిరితిత్తుల్లో నెమ్ము. ఇంకా ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వచ్చేదన్నాడు డాక్టరు. మందులతో ఇంటికి వస్తే తలుపు పిడికి ఒక సంచి: బేరిపళ్ళు, తెల్లటి బుల్లి గడ్డల పొట్లం. డాక్టర్ని అడిగాకే తినమని ఆవిడ మెసేజ్. మందులు మానకుండా తినొచ్చన్నాడాయన. ఆ గడ్డలు తెల్లగా, రెబ్బల్లా ఉంటే వెల్లుల్లి కాక మరేమిటి? దంచి, మిరియాలు వేసి, ఇంగువ పోపుతో చారు కాచాను. వీడియో కాల్లో గర్వంగా గిన్నె చూపించాను.

"యే క్యా హై?"

"ఆప్‌కా దవా, మేడమ్. రసం."

అది చువాన్‌బెయ్ అట, కొండల్లో దొరికే గడ్డ. పండును తొలిచి, దాని పొడీ పటికబెల్లమూ నింపి ఆవిరి పట్టాలట. "మేరీ దాదీ దేఖేగీ తో రోయేగీ!" అని, వాళ్ళ నాయనమ్మ చూస్తే ఏడుస్తుందని ఆవిడ పగలబడి నవ్వారు. నేను నవ్వబోయి దగ్గాను. బేరింగు చెడితే బేరిపండు అన్నమాట.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే ఫోన్ నా ఛాతీ మీద. గుణమిచ్చింది బిళ్ళలా, పండా అన్నది ఆవిడా తేల్చలేదు. ఒకరోజు చాలాసేపు విన్నారు.

"కుచ్ ఆవాజ్ నహీ. ఖలాస్."

చప్పుడేమీ లేదు, జబ్బు అయిపోయిందని. తర్వాతి ఎక్స్‌రే కూడా ఆ మాటే అంది. కుర్చీలో కూలబడి, అడుగంటా ఊపిరి పీల్చుకున్నాను. ఊరికే, ఆ సుఖం కోసం.

ఆవిడ చైనా వెళ్ళిపోయారు. ఇవాళ దగ్గు సుజాతది. పొయ్యి కట్టేసి వచ్చి ఆమె వీపుకు చెవి ఆనించాను.

"దుమ్మండీ, ఏం కాదు. మీరేమన్నా డాక్టరా?"

"మెకానిక్కుని. కాసేపు మాట్లాడకు."

విన్నాను, తొందరపడకుండా. లోపల గాలి తన దారిన తను వెళ్ళి వస్తోంది.

"ఖలాస్" అన్నాను.

"అయితే ఆ పండు ఇటియ్యండి, చల్లారిపోతోంది."