తూము మీదికి తగిన కర్ర

మా పక్కింటి సారు ఆదివారం తెల్లవారుజామున పోయారు. ఆయన చెల్లెలు మా తలుపు కొట్టి, "అన్న లేస్తలేడు బిడ్డా" అంది. నేను వెళ్లేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. చర్చికి వేసుకోవడానికి ఉతికి ఆరేసిన తెల్ల చొక్కా దండెం మీదే ఉంది. ఆఖరికి ఆ చొక్కానే తొడిగాం.

ఆయన పటాన్‌చెరులో మిషన్ బడి పంతులుగా చేసి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. భర్త పోయిన చెల్లెలితో ఉండేవారు. నేను ఆయన దగ్గర చదువుకోలేదు. పెళ్లయి, ఫ్యాక్టరీలో చేరి, కుడిచేతి వేళ్లు పోగొట్టుకున్నాకే ఆయన నాకు సారు అయ్యారు.

అప్పుడప్పుడే మా జొన్నచేల మధ్య ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. ఒక రేకుల షెడ్డులో ప్రెస్సు మెషీను మీద పనికి కుదిరాను. ఒక మధ్యాహ్నం ఆ మెషీను కింద నా మూడు వేళ్లు నలిగిపోయాయి. పుండు మానింది గాని నేను ఇల్లు దాటలేదు. నా భార్య అన్నం కలిపి పెట్టేది. వచ్చినవాళ్లంతా చెయ్యి చూపించమనేవారు, నేను దుప్పటి కింద దాచుకునేవాడిని. సారు మాత్రం గుమ్మంలోనే నిలబడి, "సంగారెడ్డి పోతున్న. గాలం కట్టె కొనాలె. జెర తోడు రా" అన్నారు.

"ఈ చెయ్యితోని నేనెందుకు సార్?"

"కట్టె నాకు కాదు, నీకు. ఎడమ చెయ్యి ఉన్నది గద, దాన్ని తీస్కొని రా."

నా భార్య చొక్కా తెచ్చి అందించింది.

అంగడిలో మేదరివాళ్లు వెదురు కర్రలు గోడకు నిలబెట్టి అమ్ముతున్నారు. అన్నింటికన్నా పొడుగైనదాన్ని చూపించాను. సారు తల అడ్డంగా ఊపారు.

"ఒడ్డు మీదికెళ్లి దూరం ఇసిరేటోనికి పొడుగుది గావాలె. మనం చెరువు తూము మీద కూసుంటం. నీళ్లు కాళ్ల కిందనే ఉంటయి. గాలం కిందికి ఇడువాలె, ఎత్తాలె, మళ్ల ఇడువాలె. గదే పని. పొడుగుదైతే జల్దీ చెయ్యి గుంజుతది."

పొట్టివీ తేలికైనవీ తీసి ఒక్కొక్కటే నా ఎడమచేతికి ఇచ్చారు. మొదలు గట్టిగా ఉండాలి, కొన వంగి చటుక్కున లేవాలి. మరీ మెత్తనిదైతే మనం ఎత్తింది గాలం దాకా పోదట. మరీ బిర్రుగా ఉంటే చేప ముట్టింది చేతి దాకా రాదట. కర్రలమ్మే ఆమె విసుక్కుంది.

"పిల్లను సూస్తున్నవా సార్, కట్టెను సూస్తున్నవా?"

"పిల్లనైతే గింతసేపు సూడకపోదును" అన్నారు సారు. వేళ్లు పోయాక నేను నవ్వడం అదే మొదలు.

వయసులో ఉన్నప్పుడు సారు టీచరు ట్రైనింగుకు సముద్రం ఒడ్డు ఊరికి వెళ్లి, నీళ్లలోకి పొడుగ్గా కట్టిన రేవు వంతెన మీద ఈ పని నేర్చుకున్నారట. ఎర్రలు గుచ్చేవారు కాదు. సీసపు గుండుకు మెరిసే రేకుముక్క, దాని కింద గాలం. "అడుగు తాకనీ. తాకినంకనే ఎత్తు" అనేవారు. నేను తొందరపడ్డప్పుడల్లా అదే మాట.

తూము మీద చాలా రోజులు కూర్చున్నా ఏమీ పడలేదు. ఒక సాయంత్రం కొన ఒక్కసారిగా కిందికి పోయింది. సారు లేచారు గాని నా కర్రను ముట్టుకోలేదు. "గుంజకు, ఎత్తు! ఎత్తు బిడ్డా!" కొర్రమట్ట రాళ్ల మీద పడి ఎగురుతుంటే, నాకు తెలియకుండానే దాన్ని కుడి అరచేత్తో అదిమిపట్టాను. ఆ చేతిని సారు మొదటిసారి అప్పుడే చూశారు.

"మంచిగ పట్టినవ్" అన్నారు. అంతే.

ఆ నెలలోనే ఇంకో ఫ్యాక్టరీకి వెళ్లి స్టోరులో పని అడిగాను. ఇచ్చారు.

పోయిన ఏడు సారు చేతులకు వణుకు వచ్చింది. చాయ్ గ్లాసును రెండు చేతులతో పట్టుకునేవారు. తూము మీద ఆయన కర్ర కొన ఊరికే ఆడుతూ ఉండేది. "చేపేదో నా చెయ్యేదో తెలుస్తలేదు బిడ్డా" అని ఒకరోజు దారం చుట్టేశారు. ఇక రాలేదు. కొన్నాళ్లు చూసి, నేనే ఆయన గుమ్మంలో నిలబడి అంగడికి రమ్మన్నాను.

ఈసారి నేను ఎంచాను. మొదలు లావుగా, బరువుగా, చంకలో ఇరికించి ముంజేతి మీద ఆనించుకోవడానికి వీలుగా ఉన్న కర్ర. ఆ బరువుకు వణుకు అణిగి కొన దాకా పోదేమోనని నా ఆశ.

"నాకు నువ్వు ఎంచుతవా?" అన్నారు. కానీ ఎంచనిచ్చారు.

వణుకు పూర్తిగా పోలేదు, తగ్గింది. ఒక సాయంత్రం చేప ముట్టింది. నేను నోరు తెరిచేలోపే, "తెలిసింది, నాకు తెలిసింది!" అని అరిచారు. ఎత్తడం ఆలస్యమైంది. పైకి వచ్చిన గాలానికి ఏమీ లేదు. అయినా చాలాసేపు "తెలిసింది రా" అంటూనే ఉన్నారు, కళ్లు తుడుచుకుంటూ. తర్వాత చలి పెరిగింది. మళ్లీ వెళ్లలేకపోయాం.

సమాధి రోజు చర్చిలో ఆఖరి పాట మొదలయ్యాక, చెరువులో వలలు వేసే బెస్తవాళ్లు వచ్చారు. కబురు విని నీళ్లలోంచి నేరుగా వచ్చినట్టున్నారు. పంచెలు మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయి. లోపలికి రావడానికి జంకి గుమ్మం బయటే ఆగిపోయారు. సారు చెల్లెలు లేచి వెళ్లింది.

"కాళ్లు గట్లనే ఉండనీ అయ్యా. లోపటికి రాండ్రి."

ఒకరి వెనక ఒకరు వచ్చి, పెట్టె దగ్గర ఆగి, సారు ముఖం చూసి వెళ్లారు. పాట అయ్యేదాకా షాబాదు బండల మీద వాళ్ల తడి అడుగులు మెరుస్తూనే ఉన్నాయి. ఎవరమూ వాటిని తొక్కలేదు.